కలుపుకునే ముందే లెక్క అడగాలి

సెప్టెంబరు 17 వస్తే మా దగ్గర జెండాలు మూడు నాలుగు చోట్ల లేస్తాయి. ఒకాయన దాన్ని విమోచన దినం అంటాడు. ఇంకొకాయన విలీన దినం అంటాడు. మరొకాయన విద్రోహ దినమని నల్లజెండా పడతాడు. 2022లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అన్నది. 2024లో కేంద్రం హైదరాబాద్ విమోచన దినమని గెజిట్‌లో వేసింది. అదే ఏడాది కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అన్నది. ఒక్క తేదీకి ఇన్ని పేర్లు. "సార్, పరీక్షలో ఏది రాయాలి?" అని పిల్లలు అడుగుతారు. ఆ ఏడు పుస్తకంలో ఏది ఉంటే అది రాయమంటాను. ఇంకేం చెప్పను?

పేరు మీద ఇంత పోట్లాడుకునే వాళ్లలో ఒక్కడన్నా అడగని ప్రశ్న ఒకటుంది. ఆ కలయికకు ముందు చచ్చినోళ్లు, కలిసే ఆ ఐదు రోజుల్లో చచ్చినోళ్లు, కలిసినాక మూడేళ్లపాటు చచ్చినోళ్లు - వీళ్ల లెక్క ఎవరు చెప్పారు? చంపినోడు ఎవడో ఎవరు తేల్చారు?

పాత గొడవ ఇప్పుడెందుకు తవ్వుతావు మాస్టారూ అంటారు. ఇప్పుడే తవ్వాలి. ఎందుకంటే గోదావరికి అవతల, చర్ల, కుంట దాటిన అడవిలో, ఇంకో కలయిక జరుగుతున్నది. 2026 మార్చి 31 నాటికి మావోయిస్టులు లేకుండా చేస్తామని కేంద్ర హోంమంత్రి గడువు పెట్టారు. 2025 మే నెలలో ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు అబూజ్‌మడ్‌లో చనిపోయాడు. అక్టోబరులో మల్లోజుల వేణుగోపాల్ అరవై మందితో గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించాడు. నవంబరులో హిడ్మా మారేడుమిల్లి అడవిలో చనిపోయాడు. లొంగిపోయిన వాళ్లకు పూలగుత్తులిచ్చి, జనజీవన స్రవంతిలో కలిశారని ఫొటోలు వేస్తున్నారు. కలవడం మంచిదే. తుపాకి దిగితే బతికేది ముందు మన పిల్లలే. కానీ లెక్క ఎప్పుడు? కలిసే ముందా, కలిసినాకా?

కలిసినాక ఎవడూ అడగడు. ఇది నా ఊహ కాదు. లోకం చూసిందే.

యూరప్‌లో యుగోస్లావియా అనే దేశం 1991 నుంచి ముక్కలైంది. ఆ ముక్కల మధ్య యుద్ధాలు. ఊళ్లు తగలబెట్టారు, ఆడవాళ్లను చెరిచారు, ఒక్క స్రెబ్రెనిత్సాలోనే 1995 జులైలో ఎనిమిది వేల మంది మగవాళ్లను, మగపిల్లలను చంపి గోతుల్లో పూడ్చారు. యుద్ధాలు ఆగినాక ఆ ముక్క దేశాలన్నీ యూరోపియన్ యూనియన్‌లో చేరాలని తలుపు తట్టాయి. ఎందుకు తట్టవు? అందులో చేరితే మార్కెట్టు, కొలువులు, నిధులు. అక్కడ వాళ్లు ఒక షరతు పెట్టారు. యుద్ధ నేరాలు విచారించడానికి ఐక్యరాజ్య సమితి 1993లో హేగ్ నగరంలో కోర్టు పెట్టింది గదా, ఆ కోర్టు అడిగిన మనుషుల్ని అప్పగించండి, ఆ తర్వాతే చర్చలు అన్నారు.

క్రొయేషియా సంగతి చూడండి. మన ఉమ్మడి ఖమ్మం జిల్లా కంటే ఎక్కువ జనాభా ఉన్న దేశం. వాళ్లకు గొటోవినా అనే జనరల్ ఉన్నాడు. 1995 ఆగస్టులో సెర్బులను వెళ్లగొట్టిన దాడికి నాయకుడు. వాళ్ల జనానికి వీరుడు. ఊరూరా పోస్టర్లు. అతను దొరకలేదని 2005 మార్చిలో మొదలు కావాల్సిన చర్చల్ని యూనియన్ ఆపేసింది. అప్పుడు కదిలింది అక్కడి సర్కారు. అదే ఏడాది డిసెంబరులో స్పెయిన్ దీవుల్లో దొరికాడు. సెర్బియా కూడా అంతే. వాళ్ల పాత అధ్యక్షుడు మిలోషెవిచ్‌ను 2001 జూన్ 28న అప్పగించారు. మర్నాడే డబ్బులిచ్చే దేశాల సమావేశం. స్రెబ్రెనిత్సా హంతకుడు మ్లాడిచ్ పదహారేళ్లు దొరకలేదు. 2011 మేలో ఒక పల్లెటూళ్లో చుట్టాలింట్లో దొరికాడు. 2012 మార్చిలో సెర్బియాకు చేరే అర్హత ఇచ్చారు. పదహారేళ్లు దొరకనివాడు చేరే టైముకు ఎట్లా దొరికాడో మన ఊళ్లో పోలీసుల సంగతి తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది.

అట్లాగని తెల్లోళ్లు ధర్మమూర్తులని నేను చెప్పడం లేదు. గొటోవినాకు 2011లో ఇరవై నాలుగేళ్ల శిక్ష పడింది. 2012 నవంబరులో అప్పీలులో విడుదలయ్యాడు. ఊరు ఊరంతా సంబరం. 2013 జులై 1న క్రొయేషియా యూనియన్‌లో చేరింది. ఇది చదువుతుంటే నాకు చుండూరు గుర్తుకొచ్చింది. 1991 ఆగస్టు 6న మన ఎనిమిది మందిని నరికారు. చనిపోయినవాళ్ల ఊళ్లోనే కోర్టు పెట్టించుకున్నాం, పదహారేళ్లు కొట్లాడినాక 2007లో ఇరవై ఒక్క మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. అయినా చుండూరులో ఆ కోర్టు కూర్చున్నది. సాక్షులు బోనెక్కి పేర్లు చెప్పారు. పేర్లు రికార్డయ్యాయి. కారంచేడు, చుండూరు పేర్లు ఇవాళ దేశానికి తెలిసాయంటే శిక్షల వల్ల కాదు, ఆ రికార్డు వల్ల. హేగ్ కోర్టుకైనా అంతే. శిక్ష పడినా తప్పినా, "అసలేమీ జరగలేదు" అని చెప్పుకునే దారి మూసుకుపోయింది.

ఉక్రెయిన్ కూడా యూనియన్ తలుపు దగ్గరుంది. అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఒప్పందాన్ని 2024లో ఆమోదించింది. కానీ మా దేశపోళ్ల యుద్ధ నేరాల జోలికి ఏడేళ్లు రావద్దని ఒక మెలిక పెట్టింది. అవతలోడు చేస్తే నేరం, మనోడు చేస్తే వీరం! మన ఇండియా అయితే ఆ ఒప్పందంలో చేరనే లేదు. 1998లో రోమ్‌లో ఓటింగు రోజు ఎటూ కాకుండా కూర్చున్నది.

ఇప్పుడు మన ఇంటికొద్దాం.

1948లో మన ఖమ్మం నిజాం రాజ్యంలో, వరంగల్ జిల్లా కింద ఉన్నది. గోదావరి దాటితే భద్రాచలం మద్రాసు రాష్ట్రం, తూర్పు గోదావరి. సెప్టెంబరు 13న సైన్యం కదిలింది, 17న నిజాం లొంగాడు. ట్యాంకులతో వచ్చిన దాన్ని "పోలీసు చర్య" అన్నారు. ఆ మాట ఊరికే పెట్టలేదు. యుద్ధమంటే యుద్ధ నియమాలుంటాయి, లోకానికి జవాబు చెప్పాలి. పోలీసు చర్య అంటే మా ఇంటి సంగతి. నిజాం అప్పటికే భద్రతా మండలికి ఫిర్యాదు పంపాడు. ప్యారిస్‌కు వెళ్లిన ఆ బృందంలో మన దళిత నాయకుడు శ్యాంసుందర్ కూడా ఉన్నాడు. నిజాం పక్కన నిలబడొద్దని హైదరాబాద్ రాజ్యంలోని మనవాళ్లకు బాబాసాహెబ్ 1947లోనే చెప్పారు. అయినా వెళ్లినవాళ్లు వెళ్లారు. సంఘంలో మనవాళ్లున్నారు, కాంగ్రెసులో మనవాళ్లున్నారు, దివాణం వైపు మనవాళ్లున్నారు. ఏ పక్కనున్నా దెబ్బలు మాత్రం మన వాడకే వచ్చాయి.

మరి లెక్క? పరకాల, బైరాన్‌పల్లి లాంటి ఊళ్లలో మారణకాండ చేసిన రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ ఏ నేరాల మీద శిక్షపడ్డాడో తెలుసా? ఊళ్లు ఊళ్లు తగలబెట్టినందుకు కాదు. బీబీనగర్ దోపిడీ కేసు. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. ప్రధానమంత్రి లాయక్ అలీ 1950 మార్చిలో గృహ నిర్బంధం నుంచి తప్పించుకుని అక్కడికే పోయాడు. రాజుగారు? రాజప్రముఖ్ అయ్యాడు. 1956 దాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. పైగా ఏటా 50 లక్షల రాజభరణం. రజాకార్లకు గడీలో అన్నం పెట్టిన దొరలు తెల్లారి గాంధీ టోపీ పెట్టుకుని సైన్యం వెనకాల ఊళ్లోకొచ్చారు. వాళ్లనెవరూ ఏమీ అడగలేదు.

ఇంకో లెక్క దాచేశారు. సైన్యం వచ్చినాక ముస్లింల మీద జరిగిన హత్యాకాండ చూసి రమ్మని నెహ్రూ పండిట్ సుందర్‌లాల్‌తో కమిటీ పంపాడు. 1948 నవంబరు, డిసెంబరుల్లో తిరిగారు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాశారు. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా చేయి చేసుకున్నారని రాశారు, కాపాడిన అధికారులున్నారని కూడా రాశారు. ఆ రిపోర్టు 2013 దాకా మామూలు మనిషికి కనబడలేదు. అరవై ఐదేళ్లు! అందులో ఉన్న సాక్షి ఎవడు బతికుంటాడు?

అందరినీ వదిలేసినోళ్లు ఒక్క పక్షాన్ని మాత్రం వదల్లేదు. సంఘపోళ్ల కోసం ప్రత్యేక ట్రిబ్యునళ్లు పెట్టి ఉరిశిక్షలు వేశారు. ఇంగ్లండు నుంచి ప్రిట్ అనే లాయరు వచ్చి సుప్రీంకోర్టులో వాదించాడు. చివరికి ఆ ఉరి యావజ్జీవమైంది. అంటే కోర్టు పెట్టడం చేతకాక కాదు. ఎవరి మీద పెట్టాలో ముందే అనుకున్నారు.

దళాలు పాల్వంచ, ఇల్లందు, ములుగు అడవుల్లోకి వచ్చాక మిలటరీ కోయగూడేలు తగలబెట్టింది. జనాన్ని తోలుకొచ్చి క్యాంపుల్లో పెట్టింది. పుట్ట తేనె, ఇప్పపువ్వు మీద బతికేవాళ్లను కంచెలో పెడితే ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. రోగాలొచ్చి రాలిపోయారు. మలయాలో బ్రిటిష్ వాళ్లు కూడా 1950 నుంచి ఇదే పని చేశారు. చేపను పట్టలేకపోతే చెరువు ఎండగట్టడమన్నమాట. సుందరయ్య తన పుస్తకంలో ఈ క్యాంపుల గురించి రాశాడు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు, ఎన్నికలొచ్చాయి, అందరూ అసెంబ్లీకి వెళ్లారు. కోయల్ని క్యాంపుల్లో పెట్టిన అధికారి ఎవరని అసెంబ్లీ లోపలికి పోయినవాళ్లు కూడా పట్టుబట్టి అడగలేదు. ఇది కమ్యూనిస్టు మిత్రులకు కష్టంగా ఉంటుంది. ఉండనీ.

మా తాత ఊరికి సుంకరి. పగలు పటేలు మూట మోసేవాడు. రాత్రి దళానికి అంబలి మోసేవాడని మిలటరీకి ఎవరో చెప్పారు. చింతచెట్టుకు కట్టి కొట్టారు. "అంబలి మోసినవా?" అంటే "అయ్యా, మొయ్యమంటే మోస్తా, మా పుట్టుకే మోతకు" అన్నాడట. నవ్వుకుంటూ చెప్పేవాడు, వీపు చూపించేవాడు. తర్వాత సమరయోధుల పింఛనుకు అర్జీ పెడితే సాక్ష్యం తెమ్మన్నారు. వీపు సాక్ష్యం కాదట. మా ఊరి దొర కొడుక్కి పింఛను వచ్చింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, లెక్క అడగని పని మళ్లీ జరుగుతుంది కాబట్టి. అదే అడవిలో, అదే జాతి మీద జరిగింది. 2005 జూన్‌లో దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు తగలబెట్టడం, జనాన్ని దోర్నపాల్, ఎర్రబోరు క్యాంపులకు తోలడం. క్యాంపుకు పోనివాడు నక్సలైటు అన్నారు. పోలేక, ఉండలేక వేలాది మంది శబరి దాటి, అడవి దాటి మన చర్ల, దుమ్ముగూడెం, చింతూరు వైపు వచ్చారు. మనం గుత్తికోయలంటున్నది వీళ్లనే. మిరపతోటల్లో కూలికి వాళ్లే కావాలి, కాపుకొచ్చిన కాయ కోయాలి గదా. కుల సర్టిఫికెట్ మాత్రం ఇవ్వరు, వాళ్లు ఈ రాష్ట్రపోళ్లు కాదట. గుడిసె వేస్తే అడవిశాఖ వాళ్లు పీకుతారు. బడిలో పేరు రాసేటప్పుడు పుట్టిన ఊరు అడుగుతాను. ఆ పిల్ల చెప్పే ఊరు ఇప్పుడు లేదు.

ఈ సంగతి సుప్రీంకోర్టుకు తీసుకెళ్లిన ముగ్గురిలో మన తెలుగువాడు, రిటైర్డు ఐఏఎస్ ఈ.ఏ.ఎస్. శర్మ ఒకరు. 2011 జులై 5న తీర్పు రాసిన ఇద్దరిలో మన జస్టిస్ సుదర్శన్ రెడ్డి ఒకరు. నెలకు మూడు వేలిచ్చి, చదువు సరిగా రాని ఆదివాసీ పిల్లల చేతికి తుపాకులిచ్చి, వాళ్ల జనం మీదికే తోలడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పారు. ఆరున్నర వేల మంది ఎస్పీవోలు అప్పటికి. ఛత్తీస్‌గఢ్ సర్కారేం చేసింది? అదే ఏడాది కొత్త చట్టం తెచ్చి అదే పిల్లలకు కొత్త యూనిఫాం తొడిగింది. అది కోర్టు ధిక్కారం కాదని 2025 మేలో సుప్రీంకోర్టే చెప్పింది. 2011 మార్చిలో తాడిమెట్ల, మోర్పల్లి, తిమ్మాపురంలో రెండు వందలకు పైగా ఇళ్లు కాల్చారు. తాడిమెట్ల కేసులో 2016లో సీబీఐ చార్జిషీటు వేసింది. ఎవరి మీద? ఏడుగురు ఎస్పీవోల మీద. మన ఊళ్లో దొర చెబితే కొట్టేది జీతగాడు, కేసయితే జైలుకు పోయేది కూడా జీతగాడే. ఏం మారింది?

చర్ల అవతలి అడవి దాటితే బాసగూడ ప్రాంతం. అక్కడ సర్కెగూడలో 2012 జూన్ 28 రాత్రి పదిహేడు మందిని కాల్చి చంపారు. పిల్లలున్నారు. జస్టిస్ అగర్వాల్ కమిషన్ ఏడేళ్లు విచారించి, చనిపోయినవాళ్లు మావోయిస్టులని ఆధారం లేదని చెప్పింది. ఆ రిపోర్టు 2019 డిసెంబరులో అసెంబ్లీ ముందుకొచ్చింది. రిపోర్టు వచ్చినంత మాత్రాన చనిపోయినవాళ్లకు ఒరిగిందేమీ లేదు. 2009లో గొంపాడ్ చుట్టుపక్కల జరిగిన హత్యల మీద విచారణ కావాలని అడిగిన హిమాంశు కుమార్‌కు 2022లో సుప్రీంకోర్టు ఐదు లక్షల జరిమానా వేసింది. 2025లో జస్టిస్ సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి నిలబడితే, ఆ తీర్పే నక్సలైట్లను బతికించిందని సాక్షాత్తు హోంమంత్రి అన్నారు. ఊరు కాల్చొద్దని రాసిన జడ్జి ముద్దాయి అయ్యాడు!

యుద్ధమే కాదు, యుద్ధ నేరమేమిటి అని అంటారు. 1949 జెనీవా ఒప్పందాల మీద ఇండియా సంతకముంది, 1960లో దానికి చట్టమూ చేసుకున్నాం. దేశం లోపల జరిగే సాయుధ పోరులో కూడా, ఆయుధం పట్టనివాణ్ణి, కిందపడేసినవాణ్ణి చంపొద్దు, చిత్రహింస పెట్టొద్దు అని అందులో ఉంది. డ్రోనులూ హెలికాప్టర్లూ తిరిగే చోట ఇది శాంతిభద్రతల సమస్య అంటే, అది 1948 నాటి "పోలీసు చర్య" పాటే.

ఇక మన వైపు మాట. ఈ పత్రిక చదివేవాళ్లలో కొందరికి ఇది నచ్చదు. 2006 జులైలో ఎర్రబోరు క్యాంపు మీద మావోయిస్టులు దాడిచేసి ముప్పై మందికి పైగా చంపారు. క్యాంపులో ఉన్నది ఎవరు? తోలబడి వచ్చిన ఆదివాసీలే, పిల్లలే. ఇన్‌ఫార్మరని ముద్రవేసి, అర్ధరాత్రి లేపుకుపోయి, ఉదయానికి రోడ్డు మీద పడేసినవాళ్లలో దొరలెంతమంది, మనవాళ్లెంతమంది? వాళ్లకు ప్రజాకోర్టులో వకీలున్నాడా, అప్పీలుందా? క్రొయేషియా జనం తమ వీరుణ్ణి అప్పగించాల్సి వచ్చింది. మనం పాటలు పాడినవాళ్ల గురించి కూడా మనం ఆ మాట అనగలగాలి. పూలగుత్తి అందుకున్న నాయకుడు, ఏ ఊళ్లో ఎవర్ని ఎందుకు చంపించాడో చెప్పకుండా ఇంటికి పోతే, మెడల్ అందుకున్న ఆఫీసరు కూడా చెప్పకుండానే ఇంటికి పోతాడు. ఇద్దరూ ఒకరినొకరు అడగరు. అడగకపోవడంలో ఇద్దరికీ లాభముంది.

లెక్కలు తీస్తే శాంతి చెడిపోతుందని పెద్దమనుషులు చెప్తారు. కారంచేడు తర్వాత రాజీ సభల్లో ఇదే మాట విన్నాం. శాంతి చెడేది ఎవరికి? భర్త శవం దొరకని ఆడమనిషికి శాంతి ఎక్కడుందని చెడిపోవడానికి?

మనకు హేగ్ లేదు, చేర్చుకునే యూనియనూ లేదు. కేసులు ఎప్పుడొస్తాయో చెప్పలేను. కానీ రికార్డు మన చేతిలో పని. వలస వచ్చినోళ్ల గుంపులు మన మండలాల్లోనే ఉన్నాయి. 2005లో ఇల్లు కాలడం చూసినవాళ్లలో ముసలోళ్లు పోతున్నారు, వయసోళ్లు కూలికి వేరే జిల్లాలకు పోతున్నారు. ఇంకో ఐదేళ్లాగితే అడగడానికి మనిషి ఉండడు. అందుకని సంఘాల వాళ్లకు చెప్తున్నా. కోయ మాట వచ్చిన పిల్లల్ని వెంటబెట్టుకుని పోండి. ఊరు, తేదీ, ఎవరొచ్చారు, ఏ బట్టల్లో వచ్చారు, ఎవరు పోయారు, ఇంకెవరు చూశారు - ఇంతే రాయండి. యూనిఫాం వాళ్లు చేసింది, దళం చేసింది, రెండూ ఒకే పుస్తకంలో రాయండి. చెప్పనివాళ్లను బలవంతపెట్టొద్దు. పేర్లు పత్రికలకివ్వొద్దు. రెండు కాపీలు రాసి, ఒకటి ఊరికి దూరంగా పెట్టండి.

మేం రెండు గుంపుల్లో మొదలుపెట్టాం. ఒక ముసలమ్మకు తేదీ తెలియదు, సంవత్సరం తెలియదు. ఇప్పపువ్వు రాలే రోజులు, చిన్న కొడుక్కి అప్పుడే పళ్లూడుతున్నాయి అన్నది. మా పిల్లవాడు అట్లాగే రాసుకొచ్చాడు. ఆ కొడుకు వయసెంతో కనుక్కుని, పక్కన పెన్సిలుతో 2006 మార్చి-ఏప్రిల్ అని రాశాను.